మూతపడిన బడికి పెద్దదిక్కు

విద్యార్థులు కనులయెదుట లేనివేళ ప్రధానోపాధ్యాయుని ధర్మమేమి? ఈ ప్రశ్నను మన బాలుర పాఠశాలల ముందు 2020వ సంవత్సరము నిలిపినది. ఆ మార్చిలో కరోనా మహమ్మారి వలన బడులు, వసతిగృహములు మూతపడినవి. మన రెండు రాష్ట్రములలో 10వ తరగతి బాలురు పూర్తి పరీక్షలు లేకయే ఉత్తీర్ణులైరి. తెలంగాణలో ఆ సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి.

పాఠము ఇంటికి చేరినది. వినవలసిన బాలుడు ఇంట నున్నాడా? పని దొరకని తండ్రికి ఎదిగిన కొడుకు ఆసరాగా తోచును. ఇటుకబట్టీకో, దుకాణమునకో పోయి నాలుగు రూపాయలు చూచినవాడు బడికి మరలుట కష్టము. పైగా మగపిల్లవాడు ఏడ్వరాదని మనమే నేర్పితిమి. కనుక ఇంటిలోని మరణదుఃఖమును సైతము వాడు నోట పలుకడు.

అట్టివేళ పెద్దదిక్కైనవాడు హాజరుపట్టీని చేతబట్టవలెను. ఒక్కొక్క బాలుని ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగించి, వారమున కొకమారైనను మాటలాడించవలెను. “పాఠము వింటివా?” అనుటకు ముందు “అన్నము తింటివా?” అని అడుగవలెను. ఫోను లేని ఇంటికి మనిషిని పంపవలెను. ఉపాధ్యాయులును భయగ్రస్తులే, వారి బరువును తానును మోయవలెను.

తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న 9, 10 తరగతులు తెరచి, మార్చిలో మరల మూసిరి. తలుపు తెరచినంతనే అందరును రారు. రానివాని పేరు కొట్టివేయుట సులభము. వాని గడప త్రొక్కి పిలుచుకొనివచ్చుట ధర్మము. వచ్చినవానిని దండింపక, మరచినచోటి నుండియే నేర్పవలెను. పట్టీలోని ప్రతి బాలుడును తిరిగివచ్చి కూర్చుండునంతవరకు బడి తెరచినట్లు కాదని మనము గ్రహింతుము గాక!