ఆ తేడా ఎక్కడ పుట్టింది?

నాణెం మీద చిన్న తేడా కంటబడగానే చాలామంది ముందు దాని ధర వెతుకుతారు, ఆ తర్వాత భూతద్దం వెతుకుతారు. ఈ వరస తిరగేస్తే చాలా నిరాశలు తప్పుతాయి. ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ తేడా టంకశాలలో ఏ దశలో పుట్టింది?

దశలు ఎక్కువేమీ లేవు. బొమ్మకొకటి, బొరుసుకొకటి చొప్పున రెండు ఉక్కు అచ్చులుంటాయి. వీటినే డైలు అంటారు. వాటి మధ్య ఏ గుర్తూ లేని లోహపు బిళ్ళ ఉంటుంది. బిళ్ళ చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు ఉంటుంది. అంచు మీద గాట్లు వేసేది ఇదే. ఆ పైన యంత్రం ఒక్క దెబ్బ వేస్తుంది.

అచ్చులోనే ఉన్న తేడా ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెం మీదా కనిపిస్తుంది. దెబ్బలో జరిగిన పొరపాటు సాధారణంగా ఆ ఒక్క నాణెంతో పోతుంది. టంకశాల గడప దాటాక జరిగినదాన్ని గీత అంటారు. దానికి వేరే పేరు పెట్టి అమ్మేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

అచ్చులోని తేడాకు కెనడాలో మంచి ఉదాహరణ 1947 నాటిది. అందుకు కారణం మనమే. అప్పటి నాణేల మీద ఆరో జార్జి బొమ్మ చుట్టూ లాటిన్‌లో, రాజు అన్న మాటతో పాటు భారత చక్రవర్తి అని కూడా ఉండేది. ఆ ఆగస్టులో భారతదేశం స్వతంత్రం కావడంతో రెండో బిరుదు తీసేయవలసి వచ్చింది. మార్చిన పరికరాలు లండన్ నుంచి రావాలి. 1948లో కొన్ని నెలలు గడిచినా అవి రాలేదు. చిల్లర అవసరం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఒట్టావా టంకశాల పాత బిరుదుతో, 1947 అన్న పాత తేదీతోనే నాణేలు కొడుతూ, తేదీ పక్కన చిన్న మేపుల్ ఆకు చేర్చింది. 7 తర్వాత ఆకు ఉంటే ఆ నాణెం పుట్టింది 1948లో అన్నమాట. సామ్రాజ్యం సగం ఖాళీ అయిన సంగతి అచ్చుకు ఇంకా అందలేదు. తీరా కొత్త అచ్చులు వచ్చాక 1948 తేదీతో వెలువడిన వెండి డాలర్లు 18,780 మాత్రమే.

1973 నాటి 25 సెంట్ల నాణెం కథ ఇంకాస్త సూక్ష్మం. మౌంటెడ్ పోలీసు దళానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా బొరుసు మీద గుర్రంపై ఉన్న పోలీసును వేశారు. ఆ ఏడాదికి ఎలిజబెత్ రాణి బొమ్మనూ కొంచెం చిన్నదిగా, మరింత వివరంగా మలిచారు. అయితే కొద్దిపాటి నాణేలు పాత పెద్ద బొమ్మతోనే వెలువడ్డాయి. పెద్ద బొమ్మ చుట్టూ 120 చుక్కలు, చిన్నదాని చుట్టూ 132. అన్నీ లెక్కపెట్టనక్కర్లేదు: పెద్ద బొమ్మ నాణెంలో చుక్కలు గట్టుకు దగ్గరగా, చిన్న బొమ్మ నాణెంలో కాస్త లోపలికి జరిగి ఉంటాయి. అయినా లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు. వారిని ఆపడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

కొన్ని తేడాలు బొమ్మా బొరుసూ గంటసేపు పరికించినా దొరకవు. 1968లో కెనడా వెండి నుంచి నికెల్‌కు మారుతూ, పది సెంట్ల నాణేల్లో కొంత భాగాన్ని అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టించుకుంది. రెండు చోట్లా అదే రాణి, అదే తెరచాప ఓడ. కాలర్లు మాత్రం వేరు. అంచును వెలుతురులో పెట్టి చూస్తే ఒట్టావా గాటు అడుగున కోసుగా, ఫిలడెల్ఫియా గాటు అడుగున చదునుగా కనిపిస్తుంది. రెండు రకాలూ కోట్లలో ఉన్నాయి కనుక, కనిపెట్టిన ఆనందమే ఇక్కడ ప్రధాన లాభం.

బిళ్ళలోని తేడాకు భూతద్దం కూడా అక్కర్లేదు, ఫ్రిజ్‌కు అంటించిన అయస్కాంతం చాలు. 2006లో కెనడా సెంట్లు రెండు లోహాల మీద వచ్చాయి: రాగి పూత వేసిన జింకు, రాగి పూత వేసిన ఉక్కు. ఉక్కు సెంట్లకు రాణి బొమ్మ కింద ‘పి’ అనే అక్షరం వేసేవారు. ప్లేటెడ్, అంటే పూత వేసినది అని. జింకుకూ పూతే, కానీ దానికి ఆ అక్షరం దక్కలేదు. ఆ ఏడాదే ‘పి’ని తీసేసి టంకశాల గుండ్రటి ముద్ర పెట్టారు. ఈ మార్పుల సందడిలో ‘పి’ గానీ ముద్ర గానీ లేని అచ్చు కింద ఉక్కు బిళ్ళలు కొన్ని పడ్డాయి. ఏ గుర్తూ లేకుండా అయస్కాంతానికి అంటుకునే 2006 సెంటు కోసం సేకర్తలు వెతికేది అందుకే. దాన్ని ఫొటో చూసి కొనేవాళ్ళూ ఉన్నారు. ఫొటోకు అయస్కాంతం అంటదు.

ఇక దెబ్బ. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. తేదీలోని అంకె పక్కన మరో అంకె నీడలా కనిపిస్తే జంట అచ్చు దొరికిందని సంబరపడతారు. నిజమైన జంట అచ్చులో, అచ్చు తయారయ్యేటప్పుడే బొమ్మ రెండుసార్లు కాస్త పక్కకు పడుతుంది. అందుకే రెండు గీతలూ ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరం కొనలు చీలి కనిపిస్తాయి. బిగువు తగ్గిన అచ్చు దెబ్బ వేసి వెనక్కి లేచేటప్పుడు కదిలితే జరిగేది వేరు. అప్పటికే పడిన అక్షరం పక్క భాగం నలిగి, మెట్టులా చదునుగా అణుగుతుంది. అక్షరం లావెక్కదు, చిక్కుతుంది. భూతద్దం కింద చూడవలసింది ఇదొక్కటే: కొత్త గీత వచ్చి చేరిందా, పాత గీతలోంచే కొంత పోయిందా?

పోయినదానికి సేకర్తలు ఇచ్చేది నాణెం మీద రాసి ఉన్న విలువే. అది సెంటు నాణెమైతే అదీ అనుమానమే. 2013 ఫిబ్రవరిలో టంకశాల సెంట్ల పంపిణీ ఆపేసింది. అప్పటి నుంచి దుకాణాలు నగదు బిల్లును దగ్గరి ఐదు సెంట్లకు సర్దుతున్నాయి.