పౌనఃపున్య గణకమునకు బాహ్య ప్రమాణము

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మండలము చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్ళారి మైసూరునకును చెందినవి. ఆ హద్దున కిరువైపుల ఇద్దరు హామ్ రేడియో అభ్యాసకులు ఒకే ట్రాన్స్‌మీటరును తమ ఫ్రీక్వెన్సీ కౌంటర్లతో కొలిచిరనుకొందము. ఒకటి 14,49,99,855 హెర్ట్జ్ అనియు, మరియొకటి 14,50,00,145 అనియు చూపెను. ఏది నిజము? రెండును తప్పే కావచ్చును. తెరపై తొమ్మిది అంకెలు వెలిగినంత మాత్రమున తొమ్మిదియు నమ్మదగినవి కావు.

గణకము చేయు పని స్వల్పము: ఒక సెకండు ద్వారము తెరచి, లోనికి వచ్చిన తరంగములను లెక్కించును. ఆ సెకండు ఎంతయో నిర్ణయించునది లోపలి స్ఫటిక డోలకము. అది వయస్సుచేతను వేడిమిచేతను తప్పును. 40 డిగ్రీలు దాటు బళ్ళారి వేసవిలో ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. పదిలక్షలకు ఒక పాలు తప్పినను ఇచ్చట 145 హెర్ట్జ్ తేడా వచ్చును.

కావున గణకము వెనుకనుండు బాహ్యప్రమాణపు సాకెట్టునకు మేలైన 10 మెగాహెర్ట్జ్ సంకేతము నందింపవలెను. జి.పి.యస్. ఉపగ్రహములలోని పరమాణు గడియారముల ననుసరించి తన్ను తాను సవరించుకొను డోలకము దీనికి తగినది. సెకండు 1967 నుండి సీజియము పరమాణువు యొక్క 9,19,26,31,770 కంపనముల కాలముగా నిర్వచింపబడినది; ఆ కొలతయే ఈ తీగ వెంట గణకమును చేరును. అంటెనాకు ఆకాశము విశాలముగా కనబడవలెను, డోలకము వేడెక్కి నిలుకడ పొందవలెను. గణకములో బాహ్యప్రమాణమును ఎన్నుకొనుట మాత్రము పలువురు మరతురు!

ఇరువురును ఇట్లు చేసినచో రెండు కొలతలును కలియును. చివరి అంకెలో ఒకటి తేడా మిగిలిన, అది ద్వారము తెరచు క్షణమున తరంగము ఏ దశలో నున్నదను దానివలన కలుగునది.