నిలువ నీడ ఉంటేనే ఉపాధి

మూడు చక్రాల బండిపై వచ్చి రోడ్డు పక్కన బడ్డీ తెరిచే వికలాంగునికి రోజూ రెండు భయాలే. ఇంటి యజమాని ఖాళీ చేయమంటాడని ఒకటి. రోడ్డు వెడల్పు చేస్తే బడ్డీ పోతుందని మరొకటి. ఎందరికో కూడు పెట్టిన ఎస్.టి.డి. బూత్‌లు సెల్‌ఫోన్ల రాకతో మూతపడ్డాయి. పని పోతే మరో పని నేర్వవచ్చు. చోటే లేనివారికి అప్పు పుట్టినా ఏం లాభం?

ఇళ్లకు, వ్యాపారానికి రాయితీ ధరపై స్థలాలిచ్చేటప్పుడు వికలాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలని 1995 చట్టమే చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 37వ సెక్షన్ ఆ వాటాను 5 శాతంగా తేల్చింది. గృహ పథకాల్లోనూ అంతే వాటా. అందులో స్త్రీలకు ప్రాధాన్యం. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు సర్టిఫికెట్ ఉన్నవారు అర్హులు.

స్థలాల జాబితా గోడకెక్కిన రోజున అందులో ఆ 5 శాతం ఉందా లేదా అన్నది ఊరంతా అడగవలసిన ప్రశ్న.