గోడ కూలితే ఆటగాడు పరుగెత్తాల్సిందే: గాయాలపాలైన అఫెన్సివ్ లైన్‌తో ప్లేఆఫ్స్ ఎలా ఆడతారు?

2021 ఫిబ్రవరి 7న అమెరికాలోని టాంపాలో సూపర్ బౌల్ జరిగింది. మన దగ్గర అప్పటికి సోమవారం తెల్లవారుజాము. ఆ మ్యాచ్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ బంతి విసిరేలోపు, లేదా దొరికిపోయేలోపు, తప్పించుకుంటూ పరుగెత్తిన దూరం మొత్తం లెక్కేస్తే 497 గజాలు. అంటే దాదాపు అర కిలోమీటరు. ఇది ముందుకు పరుగెత్తి సంపాదించిన దూరం కాదు, ప్రాణం కాపాడుకోవడానికి అటూ ఇటూ తిరిగిన దూరం. అంతకు ఏడు నెలల ముందే ఆయన పదేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. దాని విలువ 50.3 కోట్ల డాలర్ల వరకూ వెళ్లొచ్చు. అంత ఖరీదైన ఆటగాడు ఉండి కూడా ఆ రోజు చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ చేయలేదు. టాంపా బే బకనీర్స్ 31-9తో గెలిచింది.

తప్పు మహోమ్స్‌ది కాదు. ఆయన ముందు నిలబడాల్సిన ఐదుగురి కథ ఇది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల పిల్లలు జనవరి రాగానే ఈ ఆట గురించే మాట్లాడుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం అదంతా ఒకరి మీద ఒకరు పడిపోవడంలాగే కనిపిస్తుంది. అలా పడిపోయే చోటే అసలు ఆట ఉంది.

ముందు ఆ ఐదుగురు ఎవరో చూద్దాం. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. దాన్ని దూరంగా ఉన్న సహచరుడికి విసరాలంటే రెండున్నర, మూడు సెకన్లు కావాలి. ఆ మూడు సెకన్లు కొనిపెట్టేదే అఫెన్సివ్ లైన్. మధ్యలో సెంటర్, అటూ ఇటూ ఇద్దరు గార్డ్‌లు, చివర ఇద్దరు ట్యాకిల్‌లు. ఒక్కొక్కరు సాధారణంగా 135 కిలోలకు పైమాటే. వీళ్లు బంతి పట్టరు, పాయింట్లు తేరు, టీవీలో వీళ్ల పేరు వినిపించిందంటే చాలావరకు ఏదో తప్పు జరిగినట్టే. క్వార్టర్‌బ్యాక్ కుడిచేతివాటం అయితే బంతి విసిరేటప్పుడు ఆయన వీపు ఎడమవైపు ఉంటుంది. అటునుంచి వచ్చేవాడు కనిపించడు. అందుకే ఎడమ ట్యాకిల్‌కు అంత గిరాకీ.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కార్నర్, కవర్ ఆటగాళ్లు చేతులు పట్టుకుని చైన్‌లా కదులుతారు కదా. అందులో ఒకడు అరక్షణం ఆలస్యంగా కదిలితే రెయిడర్ ఆ సందులోంచే జారిపోతాడు. అఫెన్సివ్ లైన్ కూడా ఐదుగురు విడివిడి పహిల్వాన్లు కాదు, ఒకే చైన్. ఎదుటి ఆటగాళ్లు దారి మార్చుకుని అడ్డంగా దూసుకొస్తే, గార్డ్ తన మనిషిని ట్యాకిల్‌కు అప్పగించి కొత్తగా వచ్చినవాణ్ని అందుకోవాలి. మాటలతో చెప్పే టైమ్ ఉండదు. నెలల తరబడి పక్కపక్కన ఆడితేనే అది వస్తుంది.

ఇప్పుడు చీఫ్స్ సంగతికి వద్దాం. వాళ్ల కుడి గార్డ్ లారెంట్ డువర్నే-టార్డిఫ్ మెడిసిన్ చదివిన డాక్టర్. కోవిడ్ రావడంతో 2020 సీజన్ వదిలేసి మాంట్రియల్‌లో వృద్ధులను చూసుకునే కేంద్రంలో పనిచేయడానికి వెళ్లిపోయారు. ఆ నిర్ణయానికి సలాం కొట్టాల్సిందే, కానీ లైన్‌లో ఒక ఖాళీ పడింది. ఎడమ గార్డ్ కెలేచీ ఒసెమెలే ఐదో వారంలో రెండు మోకాళ్లకూ గాయమై తప్పుకున్నారు. మరో వారానికి కుడి ట్యాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ నడుం నొప్పితో ఆగిపోయారు. ఇంత జరిగినా చీఫ్స్ గెలుస్తూనే వచ్చింది. సూపర్ బౌల్‌కు ముందు మ్యాచ్‌లో బఫలో బిల్స్ మీద 38-24తో గెలిచింది కూడా. కానీ ఆ మ్యాచ్ చివర్లో ఎడమ ట్యాకిల్ ఎరిక్ ఫిషర్‌కు మడమ వెనక ఉండే అకిలెస్ నరం తెగింది. 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడు ఆయన.

ఒక్క ఫిషర్ పోతే ఒక్కరినే మార్చితే సరిపోతుంది అనుకుంటాం. అలా జరగలేదు. అప్పటిదాకా కుడి ట్యాకిల్‌గా ఆడుతున్న మైక్ రెమ్మర్స్‌ను ఎడమకు మార్చారు. ఆ కుడి స్థానంలోకి, సీజన్‌లో ఎక్కువగా గార్డ్‌గా ఆడిన ఆండ్రూ వైలీ వచ్చారు. కుడి గార్డ్‌గా స్టెఫెన్ విస్నియెస్కీ దిగారు. ఎడమ గార్డ్ నిక్ అలెగ్రెట్టి ముందే ఒసెమెలే స్థానంలో ఆడుతున్నారు. సీజన్ మొదట్లో అనుకున్న చోట సూపర్ బౌల్ రోజు నిలబడింది సెంటర్ ఆస్టిన్ రైటర్ ఒక్కరే.

కుడి నుంచి ఎడమకు మారడం చిన్న విషయం అనిపిస్తుంది. ఇన్నాళ్లూ వెనక పెట్టిన కాలు ఇప్పుడు ముందు పెట్టాలి, ముందు తగిలించే చెయ్యి మారుతుంది, అడుగు వేసే దిశ తిరగబడుతుంది. హైదరాబాద్‌లో కుడివైపు స్టీరింగ్‌తో ఇరవై ఏళ్లు నడిపిన డ్రైవర్‌కు అమెరికాలో ఎడమ స్టీరింగ్ బండి ఇచ్చి, నేరుగా హైవే ఎక్కించినట్టే.

టాంపా డిఫెన్స్ కోచ్ టాడ్ బౌల్స్ దీన్ని గట్టిగా వాడుకున్నారు. ఆ సీజన్‌లో బ్లిట్జ్ ఎక్కువగా చేసే జట్లలో టాంపా ఒకటి. బ్లిట్జ్ అంటే మామూలుగా వచ్చే నలుగురికి బదులు ఐదారుగురిని క్వార్టర్‌బ్యాక్ మీదికి పంపడం. సూపర్ బౌల్‌లో బౌల్స్ దాదాపు అది మానేశారు. షాకిల్ బారెట్, జేసన్ పియర్-పాల్, ఎన్డముకాంగ్ సూ, వీటా వేయా లాంటి వాళ్లతో ముందు వరుస నుంచి నలుగురే దూసుకెళ్లడం సరిపోతుందని లెక్క వేసుకున్నారు. మిగతా ఏడుగురిని వెనక్కి పంపి, మహోమ్స్ బంతి విసరగలిగే దారులన్నీ మూయించారు. ఐదుగురు కలిసి నలుగురిని ఆపలేకపోయారు. మహోమ్స్ 29 సార్లు ఒత్తిడిలో పడ్డారు, సూపర్ బౌల్ చరిత్రలో అంతకుముందు ఏ క్వార్టర్‌బ్యాక్ మీదా అంత ఒత్తిడి పడలేదు. ఒకసారైతే నేలకు సమాంతరంగా గాల్లో పడిపోతూ విసిరిన బంతి కూడా సహచరుడి హెల్మెట్‌కు తగిలింది. పట్టలేకపోయాడు, అది వేరే సంగతి.

ఇక్కడ కోచ్ ఆండీ రీడ్ వైపు కూడా వేలు చూపించక తప్పదు. ఇంత బలహీనమైన లైన్ పెట్టుకుని మహోమ్స్‌తో 49 సార్లు బంతి విసిరించారు. స్కోరు వెనకబడితే విసరక తప్పదనేది నిజమే. కానీ మొదటి నుంచే గోడ నిలబడినట్టు అనుకుని వేసిన ప్లాన్ లాగే కనిపించింది.

ఇలాంటి పరిస్థితిలో ఇంకోలా ఆడొచ్చా? ఆడొచ్చని 2023 జనవరిలో సిన్సినాటి బెంగాల్స్ చూపించింది. వాళ్ల ముందు కథ కూడా తెలియాలి. 2022 జనవరిలో టెనెసీ మీద ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో తొమ్మిదిసార్లు బంతితో సహా నేలకూలారు. దీన్నే శాక్ అంటారు. ఎలాగోలా ఆ మ్యాచ్ గెలిచారు. సూపర్ బౌల్‌లో మళ్లీ ఏడు శాక్‌లు, ఈసారి రామ్స్ చేతిలో 23-20తో ఓటమి. బుద్ధొచ్చి, ఆ వేసవిలోనే టెడ్ కారస్, అలెక్స్ కాపా, లాయెల్ కాలిన్స్ అనే ముగ్గురు లైన్‌మెన్‌ను డబ్బు పెట్టి తెచ్చుకున్నారు. తీరా ప్లేఆఫ్స్ వచ్చేసరికి కాలిన్స్‌కు మోకాలు, కాపాకు చీలమండ పోయాయి. మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఎడమ ట్యాకిల్ జోనా విలియమ్స్ మోకాలి చిప్ప తప్పింది. ఐదుగురిలో ముగ్గురు లేరు.

జనవరి 22న మంచు కురుస్తున్న బఫలోలో, వాళ్ల సొంత మైదానంలో బిల్స్‌తో మ్యాచ్. అందరూ బరో పని అయిపోయిందనే అనుకున్నారు. బెంగాల్స్ 27-10తో గెలిచింది. బరో శాక్ అయింది ఒక్కసారే.

ఏం చేశారు? మిగిలిన ఇద్దరిని, అంటే సెంటర్ కారస్‌ను, ఎడమ గార్డ్ కార్డెల్ వోల్సన్‌ను కదిలించలేదు. జాక్సన్ కార్మన్, మాక్స్ షార్పింగ్, హకీమ్ అడెనిజీలను ఖాళీ అయిన చోట్లలోనే నిలబెట్టారు. తర్వాత ఆటనే మార్చేశారు. ఎక్కువగా పరుగు ఆట పెట్టుకున్నారు. మొత్తం 172 గజాలు పరుగుతోనే వచ్చాయి, అందులో 105 జో మిక్సన్‌వి. పరుగు ఆటలో లైన్‌మన్ వెనక్కి తగ్గుతూ కాచుకోవక్కర్లేదు, ముందుకు తోస్తే చాలు. కొత్తవాడికైనా అది తేలిక. ఇక బంతి విసిరినప్పుడు బరో ఆలస్యం చేయలేదు, దగ్గర్లో ఉన్నవాడికి చకచకా అందించేశారు. మొదటి రెండు దాడుల్లోనే రెండు టచ్‌డౌన్లు వచ్చి 14-0 ఆధిక్యం దొరికింది. ఆధిక్యం దొరికితే సగం పని అయినట్టే, ఎందుకంటే తొందరపడి దూరం విసరాల్సిన అవసరం బెంగాల్స్‌కు లేకుండా పోయింది. అదృష్టం కూడా కలిసొచ్చింది. జారే మంచులో దూసుకొచ్చేవాడికి పట్టు దొరకదు. పైగా బఫలో వైపు వాన్ మిల్లర్ గాయంతో ముందే దూరమయ్యారు.

కోచ్‌ల చేతిలో ఇంకా కొన్ని ఉపాయాలు ఉంటాయి. టైట్ ఎండ్‌ను గానీ రన్నింగ్ బ్యాక్‌ను గానీ బలహీనమైన ట్యాకిల్ పక్కన నిలబెట్టి, వచ్చేవాణ్ని ఒక భుజం తాకించి వెళ్లమంటారు. ఆరో లైన్‌మన్‌ను కూడా దింపుతారు. దేనికైనా ఖర్చు ఉంది. ఒక మనిషి కాపలాకు పోతే బంతి పట్టేవాడు ఒకడు తగ్గుతాడు.

అయితే ఉపాయాలు ఒకటి రెండు మ్యాచ్‌లకే పనికొస్తాయి. వారం తర్వాత అదే బెంగాల్స్ కాన్సస్ సిటీలో పొడి మైదానం మీద ఆడితే బరో ఐదుసార్లు శాక్ అయ్యారు. స్కోరు 20-20 దగ్గర, ఆఖరి నిమిషంలో మూడో ప్రయత్నంలో క్రిస్ జోన్స్ ఆయన్ను పడేశారు. బంతి అవతలి జట్టుకు పోయింది. ఫీల్డ్ గోల్‌తో చీఫ్స్ 23-20తో గెలిచింది.

మరి రిజర్వ్‌లో మంచివాళ్లను ఎందుకు పెట్టుకోరు అనే ప్రశ్న వస్తుంది. ఇది పద్దుల విషయం. జట్టు జీతాల మీద సీలింగ్ ఉంది. 2020లో ప్రతి జట్టుకూ అది 19.82 కోట్ల డాలర్లు. జట్టులో 53 మందే ఉండాలి. క్వార్టర్‌బ్యాక్‌కు ఎంత ఎక్కువ ఇస్తే మిగతావాళ్లకు అంత తక్కువ మిగులుతుంది. ఆ కోతలో బెంచ్ మీద కూర్చునే లైన్‌మన్ ముందు వరుసలో ఉంటాడు. అకౌంట్స్ చదివినవాళ్లకు ప్రొవిజన్ అనే మాట తెలుసు, రాబోయే నష్టానికి ముందే పక్కన పెట్టే సొమ్ము. నష్టం రానన్నాళ్లూ అది దండగ ఖర్చులా కనిపిస్తుంది. లీగ్ కూడా ఈ సంగతి గుర్తించింది. 2020 నుంచి మ్యాచ్ రోజు కనీసం ఎనిమిది మంది లైన్‌మెన్‌ను సిద్ధంగా ఉంచే జట్టుకు 47 బదులు 48 మందిని దించుకునే వీలిచ్చింది.

చీఫ్స్ మాత్రం టాంపా దెబ్బ తర్వాత ఊరుకోలేదు. నెల తిరగ్గానే గాయపడిన ఫిషర్, ష్వార్ట్జ్ ఇద్దరినీ వదులుకుంది. ఏళ్ల తరబడి కాపలా కాసినవాళ్లు గాయంతో ఇంట్లో ఉండగా ఉద్యోగం పోయింది. ఈ వ్యాపారంలో దయకు పద్దు లేదు. జో థూనీకి ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుంది. బాల్టిమోర్ నుంచి ఆర్లాండో బ్రౌన్‌ను తీసుకుంది. డ్రాఫ్ట్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో గార్డ్ ట్రే స్మిత్ దొరికారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డల సమస్య ఉందని మిగతా జట్లు స్మిత్ జోలికి పోలేదు.

2023 ఫిబ్రవరి 12న మళ్లీ సూపర్ బౌల్. ఎదురుగా ఆ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా ఈగల్స్. మహోమ్స్ ఒక్కసారి కూడా శాక్ కాలేదు, చీఫ్స్ 38-35తో గెలిచింది. ఆ రోజు కుడి ట్యాకిల్ ఎవరో తెలుసా? టాంపాలో నవ్వులపాలైన ఆండ్రూ వైలీయే. మనిషి అతనే, స్థానం అదే. ఈసారి పక్కన రెండేళ్లుగా ఆడుతున్న స్మిత్ ఉన్నాడు, మధ్యలో హంఫ్రీ ఉన్నాడు. ఆ మ్యాచ్ అయిన నెలకే వాషింగ్టన్ జట్టు వైలీకి మూడేళ్లకు 2.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది.

అదే చీఫ్స్ 2024 చివర్లో మళ్లీ అదే గుంటలో కాలు పెట్టింది. ఎడమ ట్యాకిల్ కుదరక గార్డ్ థూనీని అక్కడికి మార్చారు. కొన్ని మ్యాచ్‌లు బాగానే నడిచింది, బఫలో మీద 32-29తో గెలిచి ఫైనల్‌కూ వెళ్లింది. కానీ 2025 ఫిబ్రవరి 9న న్యూ ఓర్లీన్స్‌లో ఈగల్స్ ఒక్క బ్లిట్జ్ కూడా చేయకుండా మహోమ్స్‌ను ఆరుసార్లు పడేసి 40-22తో గెలిచింది. మార్చిలో థూనీని షికాగోకు పంపేశారు. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో చీఫ్స్ తన మొదటి ఎంపికను ఎడమ ట్యాకిల్ కోసమే వాడింది. ఎంచుకున్న జాష్ సిమన్స్ అప్పటికి మోకాలి గాయం నుంచి కోలుకుంటూ ఉన్నాడు.