మీకు తెలుసా? బఠాణీ గింజంత గ్రంథిలో లోపం ఉంటే...

మెదడు అడుగున, ఎముక గుంటలో ఒదిగి ఉండే పీయూష గ్రంథి బఠాణీ గింజంతే. సన్నని కాడతో మెదడుకు వేలాడుతూ ఎదుగుదల, థైరాయిడ్, కార్టిసాల్, యుక్తవయసు హార్మోన్లన్నిటినీ అదే నడిపిస్తుంది.

కొందరు పిల్లల్లో ఇది పుట్టుకతోనే సరిగా ఏర్పడదు. హార్మోన్ల లోటు ముప్పు ఎంతో ఎమ్మారై చాలావరకు చెబుతుంది. మామూలుగా గ్రంథి వెనక భాగం ఆ గుంటలోనే తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క పైకి జరిగి ఉన్నా, ముందు భాగం చిన్నదైనా అనుమానించాలి. కాడ అసలు కనిపించకపోతే ఒకటి కాదు, పలు హార్మోన్లు తగ్గే అవకాశం ఎక్కువ. కంటినరాలు సన్నబడి ఉండటం, పైవరసలో నడిమధ్య ఒకే ముందుపన్ను ఉండటం కూడా ఆనవాళ్లే.

పసికందుకు రక్తంలో చక్కెర పదేపదే పడిపోతోందా? వారాలు గడిచినా కామెర్లు తగ్గలేదా? లేత ఎండలో పడుకోబెడితే పోతాయిలే అని ఊరుకోవద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

ఈ లోపం ఉన్న పిల్లలకు మొదటి పరీక్షలో హార్మోన్లన్నీ బాగున్నా సరే, పరీక్షలు మానకూడదు. తరచుగా ముందు తగ్గేది ఎదుగుదల హార్మోను. మిగతావి ఏళ్ల తర్వాత కూడా తగ్గవచ్చు. పుట్టినరోజుకు గుమ్మం మీద గీసే ఎత్తు గీత నిరుటి గీతకు మరీ దగ్గరగా ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇంకో ముఖ్య విషయం: థైరాయిడ్, కార్టిసాల్ రెండూ తక్కువైన బిడ్డకు ముందు కార్టిసాల్ లోటు తీర్చాలి. థైరాయిడ్ మాత్ర ముందు మొదలుపెడితే ప్రాణాపాయం.