ఉదర నృత్యం – తరగతిలో నేర్పేదేమిటి?

బెంగళూరులోనో పుణెలోనో ఉద్యోగం చేస్తున్న కుమార్తె పండుగకు ఇంటికి వచ్చి, "అమ్మా, నేను బెల్లీ డాన్స్ తరగతిలో చేరాను" అన్నదనుకోండి. మన సరిహద్దు పల్లెల్లో ఏ తల్లి అయినా మొదట వీధి గుమ్మం వైపే చూస్తుంది, ఇరుగుపొరుగువారు విన్నారేమోనని. మన చిత్రాలలోని క్లబ్బు పాటలు ఆ నృత్యానికి తెచ్చిపెట్టిన పేరు అటువంటిది. అసలు సంగతి వేరు.

ఈ నృత్యానికి పుట్టినింట ఆ పేరు లేదు. ఈజిప్టులో దీనిని 'రక్స్ షర్కీ' అంటారు. తూర్పుదేశపు నృత్యమని అర్థం. జనసామాన్యం ఆడుకొనేది 'రక్స్ బలదీ'. బలదీ అంటే మన నేలది, మన ఊరిది అని. పెళ్లిళ్లలో, పేరంటాలలో ఆడవారు తమలో తాము ఆడుకొనే ఆట అది. మన పల్లెల్లో బొడ్డెమ్మ, కోలాటం వంటిదే. ఉదర నృత్యమన్న పేరు ఫ్రెంచివారు పెట్టినది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో 'కైరో వీధి' అనే విభాగంలో ఈ నాట్యాన్ని చూపించిన తరువాత అమెరికాలో ఆ పేరు మారుమ్రోగింది. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ కూడా ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే!

వేదికల మీది రూపానికి బదియా మసాబ్నీ అనే మహిళ కారణమని చెప్పవచ్చు. ఆమె 1926లో కైరోలో ఒక నాట్యశాల తెరిచారు. పెద్ద వేదికను నింపడానికి ఒకచోట నిలిచి ఆడే ఆట చాలదు. కనుక చేతుల విన్యాసం, వేదికంతా కలయదిరిగే నడకలు, పాశ్చాత్య నృత్యాల పోకడలు వచ్చి చేరాయి. తహియా కరియోకా, సామియా గమాల్ అక్కడ పేరు తెచ్చుకొని చలనచిత్ర తారలైనారు.

ఇక తరగతి విషయం. కూచిపూడి నేర్చినవారికి మొదటిరోజు తికమకగా ఉంటుంది. మనకు అరమండి ఉన్నది, మోకాళ్లు ప్రక్కలకు తెరుచుకోవాలి, పాదం నేలను గట్టిగా తాకాలి. ఇక్కడ పాదాలు సమాంతరంగా, మోకాళ్లు కొద్దిగా వంగి ఉంటాయి, అడుగు మెత్తగా పడుతుంది. పలికేది నడుము. ఛాతీ కదలకుండా నడుమును మాత్రమే త్రిప్పడం, పిదప నడుము నిలిపి ఛాతీని కదపడం తొలి పాఠం. ఇది చూడడానికి సులువు, చేయడానికి కష్టం. ఎనిమిది అంకె ఆకారంలో నడుము త్రిప్పడం, అలవలె ఒంటిని ఆడించడం, సన్నని వణుకును నిలబెట్టడం తరువాతివి. తాళం పట్టుకోవడం మరొక చదువు. ఈజిప్టువారు తబలా అని పిలిచేది మన తబలా కాదు, గాజుగిన్నె ఆకారపు ఏకముఖ వాద్యం. 'దుం' లోతైన మోత, 'తెక్' అంచు మోత. దుం తెక్, తెక్ దుం, తెక్ అన్నది మక్సూమ్ తాళం. రెండవ దెబ్బ కూడా దుం అయితే అది బలదీ. కొందరు గురువులు వేళ్లకు చిరుతాళాలు కూడా తొడిగిస్తారు.

అమెరికాలో 1970ల నాటికి ఈ తరగతులు వాడవాడలా వెలిశాయి. గృహిణులు, ఉద్యోగినులు, వయసు మళ్లినవారు సాయంకాలం వచ్చి నేర్చుకొనేవారు. సన్నని ఒళ్లు ఉండాలన్న నియమం లేకపోవడం వారికి నచ్చిన సంగతి. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరోలీనా నెరిచియో ప్రారంభించిన బృందంతో మరొక శాఖ పుట్టింది. అందులో నర్తకులు రవికెలు ధరిస్తారు. ఆ శాఖవారి నడుము పట్టీల మీద మన లంబాడీ స్త్రీల అద్దాల కుట్టుపని కనబడుతుంది. మన తండాల పనితనం అంతదూరం వెళ్లింది.

కళంకం మాటకు వస్తే ఈజిప్టుకూ అది తప్పలేదు. 1834లో మహమ్మదలీ పాషా బహిరంగంగా ఆడే నర్తకీమణులను కైరో నుండి వెళ్లగొట్టి ఎగువ ఈజిప్టుకు పంపాడు. నేటికీ అక్కడ పెళ్లిలో నర్తకిని చప్పట్లతో ఆదరించేవారే తమ ఇంటి పిల్ల ఆ వృత్తిలోకి వెళతానంటే ఒప్పుకోరు. మన కలావంతుల చరిత్ర తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. ఆట మనకు కావలసివచ్చింది, ఆడిన మనిషి మాత్రం అక్కరలేకపోయింది.

కనుక కుమార్తెను కోప్పడడానికి ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. నేర్పేవారు ఎవరి వద్ద నేర్చుకొన్నారు? తరగతి స్త్రీలకు మాత్రమేనా? వేదిక ఎక్కి తీరాలన్న షరతు ఉన్నదా? చిత్రాలు తీసి అందరికీ చూపడానికి అనుమతి అడుగుతారా? దుస్తుల గురించి బెంగ వద్దు. అభ్యాసానికి చుడీదారు వేసుకొని నడుముకొక ఓణీ బిగిస్తే చాలు, పొట్ట కనబడనక్కరలేదు. నడుమునొప్పి ఉన్నవారు, గర్భిణులు మాత్రం వైద్యుని అడిగిన తరువాతే చేరాలి.