లిబ్రెమ్ 5

లిబ్రెమ్ 5 అనేది వాడుకరి గోప్యతను ప్రధాన లక్ష్యంగా పెట్టుకొని ప్యూరిజం అనే అమెరికా సంస్థ రూపొందించిన స్మార్టుఫోను. ఇందులో ఆండ్రాయిడ్ గానీ, ఆపిల్ వారి ఐఓఎస్ గానీ ఉండవు. వాటికి బదులుగా లినక్స్ కెర్నెల్‌పై ఆధారపడిన ప్యూర్‌ఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థ పనిచేస్తుంది. కెమెరా, మైకు, వైఫై, మొబైలు మోడెంలకు అందే విద్యుత్తును వాడుకరి స్వయంగా ఆపివేయడానికి ఫోను పక్కభాగంలో మీటలు ఉండడం దీని ముఖ్య విశేషం.

నేపథ్యం

స్మార్టుఫోను తన యజమాని ఎక్కడున్నాడు, ఎవరితో మాట్లాడాడు, ఏ యాప్‌ను ఎంతసేపు వాడాడు మొదలైన వివరాలెన్నింటినో నమోదు చేయగలదు. వీటిలో కొన్ని యాప్‌ల తయారీదారులకు, ప్రకటనల సంస్థలకు చేరుతుంటాయి. దీనిని అరికట్టడానికి ఫోనులో అమరికలు ఉన్నప్పటికీ, అవి చెప్పినట్లే పనిచేస్తున్నాయో లేదో పరిశీలించే వీలు వాడుకరికి తక్కువ. ఫోనులోని సాఫ్టువేరులో చాలా భాగం సోర్సు కోడు బహిరంగంగా లభించకపోవడమే దీనికి కారణం. ఈ పరిస్థితికి ప్రత్యామ్నాయంగా వచ్చిన ఫోన్లలో లిబ్రెమ్ 5 ఒకటి.

చరిత్ర

ప్యూరిజం సంస్థను టాడ్ వీవర్ 2014లో స్థాపించాడు. ఈ సంస్థ మొదట ల్యాప్‌టాప్ కంప్యూటర్లను తయారుచేసింది. 2017 ఆగస్టులో లిబ్రెమ్ 5 తయారీకి ప్రజల నుండి ముందస్తు చందాలు సేకరించడం మొదలుపెట్టింది. 15 లక్షల డాలర్లు లక్ష్యం కాగా, 20 లక్షల డాలర్లకు పైగా సమకూరాయి. ముందుగా డబ్బు చెల్లించినవారికి ఫోను ధర 599 డాలర్లు.

ఫోన్లను 2019 జనవరిలో అందిస్తామని మొదట ప్రకటించారు. కానీ తొలి విడత ఫోన్లు 2019 సెప్టెంబరులో మాత్రమే వెలువడ్డాయి. ఎవర్‌గ్రీన్ అనే పేరుగల విడతతో పెద్దయెత్తున ఉత్పత్తి 2020 నవంబరులో మొదలయింది. డబ్బు చెల్లించినవారిలో అనేకులు ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఈ ఆలస్యం పట్ల, డబ్బు వాపసు విషయంలో సంస్థపై విమర్శలు వచ్చాయి. ధర కూడా ఒక దశలో 1,000 డాలర్లు దాటి, తరువాత తగ్గింది. విద్యుత్ ఫలకాలను అమెరికాలోనే తయారుచేసిన మరొక రకాన్ని 1,999 డాలర్లకు విక్రయించారు.

మూడు మీటలు

ఫోను పక్కన మూడు మీటలు ఉంటాయి. మొదటిది మొబైలు మోడెంను, రెండవది వైఫై, బ్లూటూత్‌లను, మూడవది కెమెరాలను, మైకును ఆపివేస్తాయి. మూడింటినీ ఒకేసారి ఆపితే జీపీఎస్, చలనాన్ని, వెలుతురును, సామీప్యాన్ని గుర్తించే సెన్సర్లు కూడా ఆగిపోతాయి.

మామూలు ఫోనులోని విమాన స్థితికీ దీనికీ తేడా ఉంది. విమాన స్థితి సాఫ్టువేరుకు ఇచ్చే ఆదేశం మాత్రమే. ఆ ఆదేశం అమలయిందని చెప్పేది కూడా ఆ సాఫ్టువేరే. రిమోటుతో ఆపిన టీవీలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది; గోడమీది మీటను ఆపితే ఆ దీపమూ ఆరిపోతుంది. లిబ్రెమ్ 5 మీటలు ఈ రెండవ రకానికి చెందినవి. ఫోనులోకి హానికర ప్రోగ్రాము ప్రవేశించినా, విద్యుత్తు అందని మైకును అది పనిచేయించలేదు.

నిర్మాణం

చాలా ఫోన్లలో మోడెం, ప్రధాన ప్రాసెసరు ఒకే చిప్‌లో ఉంటాయి. లిబ్రెమ్ 5లో మోడెం విడి కార్డుగా ఉండి, యూఎస్‌బీ మార్గం ద్వారా ప్రాసెసరుతో సంభాషిస్తుంది. అందువలన ఫోను మెమరీలోని సమాచారాన్ని మోడెం నేరుగా చదవలేదు. మోడెం లోపలి ప్రోగ్రాము సోర్సు కోడు బహిరంగంగా లేనందున ఈ ఏర్పాటు అవసరమయింది.

ఇందులో ఎన్‌ఎక్స్‌పీ సంస్థ వారి ఐ.ఎంఎక్స్ 8ఎం ప్రాసెసరు, 3 జీబీ మెమరీ, 32 జీబీ నిల్వ, 5.7 అంగుళాల తెర ఉన్నాయి. 4,500 ఎంఏహెచ్ బ్యాటరీని, మోడెం కార్డును వాడుకరి స్వయంగా మార్చుకోవచ్చు. ఫోను బరువు సుమారు 260 గ్రాములు.

నిత్య వాడకం

ప్యూర్‌ఓఎస్‌కు డెబియన్ మూలం. స్వేచ్ఛా సాఫ్టువేరు ఫౌండేషన్ 2017 డిసెంబరులో దీనికి ఆమోదం తెలిపింది. ఫోనుకు తెర, కీబోర్డు, మౌసు తగిలిస్తే చిన్న కంప్యూటరులా పనిచేస్తుంది.

అయితే దీనిని రోజూ వాడడం సులభం కాదు. తొలి విడత ఫోన్లు వేడెక్కేవి, ఛార్జింగు త్వరగా తరిగిపోయేది, కెమెరా పనిచేసేది కాదు. తరువాతి నవీకరణల వలన ఈ లోపాలు కొంతవరకు తగ్గాయి. అమెరికాలోని పెద్ద నెట్‌వర్కులు 2022లో 3జీ సేవలను ఆపివేయడంతో, 4జీ ద్వారా మాట్లాడే సౌకర్యం లేనిచోట ఫోను కాల్స్‌కే ఇబ్బంది ఏర్పడింది.

గూగుల్ ప్లే లేనందున ఆండ్రాయిడ్ యాప్‌లను నేరుగా వాడలేరు. వేడ్రాయిడ్ అనే సాఫ్టువేరు సాయంతో కొన్నింటిని నడపవచ్చు గానీ, ఫోను ప్రామాణికతను పరీక్షించే బ్యాంకు యాప్‌లు సాధారణంగా అంగీకరించవు. భారతదేశంలో ఈ లోటు మరింత ప్రధానమైనది. యూపీఐ చెల్లింపుల ప్రధాన యాప్‌లు ఆండ్రాయిడ్, ఐఫోన్‌ల కొరకే తయారయ్యాయి. అవి లేనివారు మామూలు ఫోన్ల కొరకు రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే వంటి మార్గాలను ఆశ్రయించాలి, లేదా రెండవ ఫోను ఉంచుకోవాలి. అప్పుడు ఆ రెండవ ఫోను ద్వారా వెళ్లే సమాచారానికి ఈ రక్షణ వర్తించదు.

తెలుగు చదవడానికి ప్రత్యేక అడ్డంకి లేదు. డెబియన్ భాండాగారంలో లోహిత్ తెలుగు, పోతన 2000, వేమన 2000 ఖతులు లభిస్తాయి.

గోప్యతకు గల హద్దులు

ఏ ఫోనైనా నెట్‌వర్కుతో కలిసి ఉన్నంతసేపు అది ఏ టవరు పరిధిలో ఉన్నదో సేవాసంస్థకు తెలుస్తుంది. లిబ్రెమ్ 5 దీనికి మినహాయింపు కాదు. మోడెం మీటను ఆపితే ఈ జాడ ఆగుతుంది, కానీ కాల్స్ కూడా అందవు. అత్యవసర సమయంలో ఇంటివారు ఆ వ్యక్తిని చేరుకోలేరు. అలాగే సాధారణ ఎస్ఎంఎస్ సందేశాన్ని ఏ ఫోను నుండి పంపినా సేవాసంస్థకు అది రహస్యం కాదు. కనుక ఈ ఫోను గోప్యతను దానంతట అదే సమకూర్చదు. ఎప్పుడు ఏది ఆపాలో నిర్ణయించే అధికారాన్ని వాడుకరికి ఇస్తుంది.

ప్రభావం

లిబ్రెమ్ 5 అమ్మకాలకంటే దానికోసం రాసిన సాఫ్టువేరు ఎక్కువ వ్యాప్తి చెందింది. ఫోష్ అనే తెర వ్యవస్థను ప్యూరిజం ఈ ఫోను కొరకే రూపొందించింది. తరువాత పైన్64 సంస్థ వారి పైన్‌ఫోనులోనూ, పాత ఆండ్రాయిడ్ ఫోన్లపై నడిచే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లోనూ దీనిని వాడుతున్నారు. సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉండడం వలన, ఈ ఫోనును కొననివారు కూడా ఆ కృషి ఫలితాన్ని పొందగలుగుతున్నారు.